లేని కంపు

పడమటి కాలనీ చివరి కరెంటు స్తంభానికి తెల్ల పెట్టె బిగిస్తుంటే ఆ పక్కింటి అసిరమ్మ ఎండుచేపల తట్టతో వచ్చి కింద నిలబడింది.

"ఏటమ్మా అది? కెమేరాయా?"

"కాదమ్మా. గాలిలో తేమ, దుమ్ము ఎంతుందో కొలిచే పెట్టె," అంది విశాల. అబద్ధాలాడే అలవాటు లేని మనిషి. అయినా ఆ మాట లేబరేటరీలో ముందే అనుకుని వచ్చింది కాబట్టి తడుముకోకుండా బయటికొచ్చింది.

"మంచిదే. గాలి ఎలగుందో సూసినోళ్లు రేపు మా కుళాయి నీళ్లు ఎలగున్నాయో కూడా సూత్తారు." అసిరమ్మ తట్ట దించి, గుప్పెడు నెత్తళ్లు కాగితంలో చుట్టి ఇచ్చింది. "పట్టుకెళ్లు తల్లీ. వంకాయలో ఏసుకోండి."

విశాల వద్దనలేదు. ఆ సాయంత్రమే విశాఖపట్నంలో తన క్వార్టర్స్‌లో వాటిని వండించుకుని ఇంటిల్లిపాదీ తిన్నారు కూడా.

విశాలాక్షి భూగోళశాస్త్రంలో పరిశోధకురాలు. ఊళ్లు ఎందుకు నిలుస్తాయి, ఎందుకు ఖాళీ అవుతాయి అన్నది ఆమె చదువుకు మొదలూ చివరా. విజయనగరం జిల్లాలో రిజర్వాయరు కింద మునిగిపోయిన నీలివలస జనాన్ని ప్రభుత్వం రెండు కాలనీల్లో సర్దింది. రోడ్డుకి తూర్పున ఒకటి, పడమట ఒకటి. ఎవరికెక్కడ ఇల్లన్నది లాటరీ తీసి తేల్చారు. ఒకే ఊరి మనుషులు, ఒకే రకం ఇళ్లు, ఒకే ట్యాంకు నీళ్లు, పట్నానికి ఒకటే దూరం. ఇలాంటి జంట ఊళ్లు ఒక పరిశోధకురాలికి జీవితంలో ఒక్కసారి దొరికితే గొప్ప.

ఆమె పరికల్పన చిన్నది. మనిషి ఊరు వదిలేది వసతులు లేక కాదు, ఊరంటే రోత పుట్టి. బస్సు వస్తున్నా, బావిలో నీళ్లున్నా పాడుబడిపోయిన ఊళ్లను ఆమె చూసింది. ఏ వసతీ లేకపోయినా జనం అంటిపెట్టుకుని ఉన్న ఊళ్లనూ చూసింది. అక్కడి ముసలివాళ్లతో మాట్లాడినప్పుడల్లా ఒకటే మాట వినబడేది: ఏమో, ఒకరోజు ఆ ఊళ్లో అన్నం సయించలేదు, వచ్చేశాం.

దాన్ని రుజువు చేయడం ఎలాగన్నదే చిక్కు. రోత ఒంటరిగా రాదు. మురుగునో, రోగాన్నో, కరువునో వెంటబెట్టుకుని వస్తుంది. ఊరు ఖాళీ అయింది రోత వల్లా, మురుగు వల్లా అంటే విడదీసి చూపించే దారి లేదు.

"కెమిస్ట్రీ వాళ్లకి పరీక్షనాళిక ఉంది," అనేవారు సంస్థ డైరెక్టరు ప్రొఫెసర్ పద్మనాభం. "మనకేముంది? జరిగిపోయినదాన్ని తవ్వుకుని ఏడవడమే. భూగోళశాస్త్రానికి ప్రయోగం రానంతకాలం మనల్ని ఎవడూ సైంటిస్టులనడు."

ఆ లోటు తీర్చినవాడు ఇర్ఫాన్. పక్క భవనంలో వాసనల మీద పనిచేసే కుర్ర కెమిస్టు. అతను తయారుచేసిన పదార్థానికి నిర్గంధం అని తనే పేరు పెట్టుకున్నాడు. అది ముక్కుకు తగులుతుంది గాని వాసనగా తెలియదు. తెలియకుండానే కడుపు తిప్పుతుంది, అంతే. గాలిలో రవ్వంత ఉంటే చాలు. ఊపిరితిత్తులకు హాని లేదు, రక్తంలో మిగలదు.

లేబరేటరీలో పరీక్ష పెట్టినరోజు విశాల కూడా అద్దం అవతల నిలబడి చూసింది. గదిలో బల్ల మీద వేడివేడి మాడుగుల హల్వా. ఆకలి మీదున్న విద్యార్థులు నలుగురైదుగురు. పక్క గదిలో ఇలాంటి గుంపే ఇలాంటి ప్లేటును క్షణాల్లో ఖాళీ చేసింది. ఈ గదిలో ఒక్కడూ ముట్టలేదు. ఒకమ్మాయి వేలితో తాకి, ఆ వేలిని చున్నీకి గట్టిగా తుడుచుకుంది.

బయటికొచ్చాక ఎందుకు తినలేదని అడిగితే నెయ్యి పాతదని ఒకరన్నారు. ప్లేటు కడగలేదని ఇంకొకరన్నారు. చివరగా వచ్చిన కుర్రాడు మొహమాటపడుతూ ఇర్ఫాన్‌ను పక్కకు పిలిచాడు.

"సార్, ఈసారి నన్ను ఆ శ్రీను పక్కన కూర్చోబెట్టకండి. వాడి దగ్గర అదోలా ఉంది."

ఇర్ఫాన్ వచ్చి ఆ మాట చెబితే అందరూ నవ్వారు. ఫలితాల పట్టికలో మాత్రం ఒకటే వరుస ఉంది: తిన్నారా, లేదా. లేదు అని నింపారు.

నిర్గంధాన్ని చిన్న గొట్టాల్లో నింపి పెట్టెల్లో అమర్చారు. ఒక కాలనీ పెట్టెల్లో అసలు గొట్టాలు, రెండో కాలనీ పెట్టెల్లో ఉత్త నీటిఆవిరి. గొట్టాలన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఏది ఏదో ఇర్ఫాన్‌కొక్కడికే తెలుసు. ప్రశ్నలు అడిగే మనిషికి తెలిస్తే తనకు కావలసిన జవాబే రాబట్టుకుంటుంది కాబట్టి విశాలకు చెప్పకూడదన్నది నియమం. నెలకోసారి రెండు కాలనీలకూ వెళ్లి గొట్టాలు మార్చడం, ఇంటింటా కూర్చుని మాట్లాడడం ఆమె పని.

మొదట్లో తేడా ఏమీ కనబడలేదు. తర్వాతిసారి వెళ్లేసరికి పడమటి కాలనీ వీధంతా తడిగా ఉంది. అసిరమ్మ పొరుగింటి సత్తెమ్మ చీర ఎగదోపుకుని గుమ్మం కడుగుతోంది.

"ఏంటమ్మా, పండగా?"

"పండగేటి మేడంగోరూ. ఎక్కడో ఏదో సచ్చింది. అటక మీద సూశాం, మంచం కింద సూశాం, కాలవంతా కెలికించాం. అవుపడ్డం నేదు."

"వాసన వస్తోందా?"

సత్తెమ్మ చీపురు ఆపి ఆలోచించింది. "వాసనంటే వాసన నేదు. అదే తెల్డం నేదు. ముద్ద నోట్లో ఎట్టగానే తిప్పేత్తంది."

విశాల తన కాగితాల్లో రాసుకుంది. లోపల సంతోషం పొంగింది. అసలు గొట్టాలు ఎక్కడున్నాయో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. ఇలాగే సాగితే, వీళ్లు తూర్పు కాలనీలో చుట్టాలింటికో, పట్నానికో ఒక్కొక్కరే కదులుతారు. తన ఊహ నిలుస్తుంది. కడుపు తిప్పుతోందని చెబుతున్న మనిషి ముందు కూర్చుని తాను సంబరపడుతున్నానన్న ఎరుక ఆ పూట ఆమెకు రాలేదు.

జనం కదల్లేదు. కారణం వెతుక్కున్నారు.

మొదట కాలవ అన్నారు. పంచాయతీవాళ్లు వచ్చి బ్లీచింగు చల్లి వెళ్లారు. తగ్గలేదు. ట్యాంకులో కాకి పడిందన్నారు. ట్యాంకు దించి కడిగారు. తగ్గలేదు. ఆ తర్వాత కాలనీ పెద్ద తవిటయ్య, ఎండుచేపలు అన్నాడు.

అసిరమ్మ ఎవరితోనూ వాదించలేదు. తట్టను సంత దగ్గర తెలిసినవాళ్ల కొట్లో పెట్టుకుని, చేపలు కాలనీలోకి తేవడం మానేసింది. కూతురు ఈశ్వరి ఇంటరు చదువుతోంది. ఇద్దరూ కలిసి ఇల్లు పేడతో అలికారు, సున్నం వేశారు. ఆ నెల విశాల వెళ్లినప్పుడు అసిరమ్మ గుమ్మంలో కూర్చుని బకెట్లో చేతులు ముంచి ఉంది.

"అంతా కడిగేశాను తల్లీ. అయినా పిల్లలు నా ఇంటి ముందునుంచి ఎల్తుంటే ముక్కు మూసుకుంటన్నారు. ఆ సత్తెమ్మకి కూతుళ్లిద్దరప్పుడూ నానే పురుడు పోసినాను. నా కంచంలో తిని పెరిగారు. ఇప్పుడు నా నీడ పడితే ఉమ్మేసుకుంటన్నారు."

వీధి అవతల సత్తెమ్మ వింటూనే ఉంది. "మేమేటి కావాలని సేత్తన్నామా? ఒంట్లోంచి వొస్తంటే ఏటి సేత్తాం?" అని గట్టిగా అని, నిజంగానే ఉమ్మింది.

విశాల కాగితాలు మూసేసింది. అయినా గొట్టాలు మార్చింది. మిగిలిపోయిన ఒకదాన్ని హ్యాండ్‌బ్యాగులో వేసుకుని ఇల్లు చేరింది. బ్యాగును ఎప్పటిలాగే వంటింటి తలుపు కొక్కేనికి తగిలించింది.

ఇంట్లో ఆమె భర్త ప్రభాకర్, అత్తగారు కామాక్షమ్మ, ఆరేళ్ల కూతురు మేధ ఉంటారు. పనికి వచ్చే నూకరత్నం మేధ పుట్టినప్పటి నుంచీ ఆ ఇంట్లో మనిషిలాగే మెలిగింది.

కొన్నాళ్లకు కామాక్షమ్మ గొణగడం మొదలుపెట్టింది. "ఈ నూకరత్నం ఈమధ్య శుభ్రంగా ఉండట్లేదే. అది తోమిన గిన్నెలో వండితే నాకు ముద్ద దిగట్లేదు."

"నాకూ అలాగే ఉంది," అన్నాడు ప్రభాకర్, కంచం పక్కకు నెడుతూ.

విశాల వాళ్లిద్దరినీ కసరాల్సింది. కసరలేదు. ఎందుకంటే ఆమెకూ అలాగే ఉంది. నూకరత్నం మెడ మీద చెమట, గోళ్ల సందుల్లో పసుపు, పమిట అంచు నలుపు, ఎన్నడూ చూడనివన్నీ కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడుతున్నాయి. ఒకరోజు పొద్దున మేధకు జడ వేస్తూ నూకరత్నం దువ్వెనను పళ్లతో పట్టుకుంది. విశాల ఒక్క అంగలో వెళ్లి పిల్లను లాక్కుంది.

"ఏమైందమ్మా?"

"ఇంక చాల్లే. రేపటి నుంచి రానక్కర్లేదు."

"నానేటి సేశానమ్మా?"

"శుభ్రం లేదు నీకు," అంది. అన్నాక కూడా మనసు కుదుటపడలేదు. మనిషి గడప దాటాక ఆమె కూర్చున్న పీటను బయట పారేయించింది.

కొన్ని రోజులకు, కాలనీలకు వెళ్లినప్పుడే తీసే ఆ బ్యాగులో పెన్ను కోసం చెయ్యి పెట్టినప్పుడు వేళ్లకు తడి తగిలింది. గొట్టం మూత చిట్లి ఉంది. వంటింటి గుమ్మంలో, అన్నం వండే చోటికి ఎదురుగా, ఇన్నాళ్లూ ఆ బ్యాగు వేలాడింది.

విశాల ఆ చిట్లిన గొట్టాన్ని బయటికి తీసింది. నిర్గంధం అంటే ఏమిటో తెలిసిన మనిషి. దాని గురించి నివేదికలు రాసిన మనిషి. అలాంటి తనకే ఒక్కనాడూ అనుమానం రాలేదు. ఇల్లంటే రోత పుట్టలేదు, వంటిల్లంటే పుట్టలేదు. భర్త మీద, అత్త మీద, కడుపున పుట్టినదాని మీద పుట్టలేదు. ఇంట్లో ఉన్న ఐదుగురిలో ఏరి ఏరి పనిమనిషి మీద పుట్టింది. అందరికీ ఆ ఒక్కదాని మీదే పుట్టింది.

బ్యాగును బయట పడేసి, తలుపులు బార్లా తెరిచి, నూకరత్నం ఇంటికి వెళ్లింది. నూకరత్నం గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది, లోపలికి రమ్మనలేదు.

"వేరే ఇంట్లో కుదిరాను అమ్మా."

"తప్పు నాదే నూకరత్నం. ఒక మందు వల్ల..."

"మందేటో నాకు తెల్దు. ఆ మాటలన్నది మీరే గదా," అని తలుపు వేసుకుంది.

ఇంటికొచ్చేసరికి గాలి మారింది. కామాక్షమ్మ సుష్టుగా తిని పడుకుంది. మేధ బొమ్మలతో ఆడుకుంటోంది. ఒక బొమ్మను దూరంగా మూలన కూర్చోబెట్టింది.

"దాన్నెందుకమ్మా అక్కడ పెట్టావు?"

"అది నూకరత్నం అమ్మా. కంపు," అంది మేధ, ముక్కు మూసుకుని నవ్వుతూ.

మర్నాడు విశాల మొదటి బస్సుకే పడమటి కాలనీకి వెళ్లింది. అసిరమ్మ ఇంటికి గొళ్లెం వేసి ఉంది. గుమ్మమంతా ఫినాయిలు తెల్లగా కట్టి ఉంది, తలుపుకి వేపమండలు గుచ్చారు. బడికి వెళ్లే పిల్లలు ఆ ఇంటి ముందుకు రాగానే ముక్కులు పట్టుకుని పరుగెత్తి, దాటాక పగలబడి నవ్వుతున్నారు. అదొక ఆటైపోయింది.

"ఎక్కడికి వెళ్లింది?" అని అడిగింది సత్తెమ్మను.

"తెల్దు. మేం కొట్టనేదు, తిట్టనేదు. పొమ్మన్నాం, అంతే. ఆ కాలవలు తీసే సింహాద్రి ఇంటోళ్లని కూడా పొమ్మన్నాం. ఆ సివర కుష్టు తగ్గినాయన ఉండేవోడు, ఆయన తనే ఎల్లిపోనాడు."

"ఇప్పుడు బాగుందా మరి?"

సత్తెమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేదు. ఇంకా ఉన్నాది. ఇంకెవులో ఉన్నారు."

అని వీధి అటూ ఇటూ చూసింది. ఆ చూపు ఒక్కో ఇంటి గుమ్మం దగ్గరా ఆగి ఆగి వెళ్తోంది. విశాల వెనుదిరిగింది.

లేబరేటరీలో పద్మనాభం గారు పండగ చేసుకుంటున్నారు. గదిలో ఎవరో కొత్తాయన సోఫాలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఇర్ఫాన్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"రా విశాలా, నీకోసమే చూస్తున్నాం. తూర్పు కాలనీలో ఒక్క ఇల్లూ ఖాళీ కాలేదు. పడమటి కాలనీలో అయ్యాయి. అన్ని వసతులూ ఉండగానే అయ్యాయి. నీ పరికల్పన నెగ్గింది!"

"నెగ్గలేదు సార్. ఓడిపోయింది."

"అదేమిటి?"

"ఊరంటే రోత పుట్టి మనుషులు వెళ్లిపోతారని నేనన్నాను. అక్కడ ఒక్కరికి కూడా ఊరంటే రోత పుట్టలేదు. సాటి మనిషంటే పుట్టింది. వాళ్లు వెళ్లిపోలేదు, వెళ్లగొట్టారు. ముందు నుంచీ ఎవరంటే చిన్నచూపుందో వాళ్లనే ఏరుకున్నారు. మనం గాలిలోకి వదిలింది ఊరి మీద పడలేదు సార్, అసిరమ్మ మీద పడింది."

పద్మనాభం గారు చిరాకుగా చెయ్యి విదిలించారు. "లెక్కలో తేడా ఏముంది? ఖాళీ ఇల్లు ఖాళీ ఇల్లే కదా. వాక్యం కొంచెం సర్దుకుందాం. రోత పెరిగితే నివాసాలు తగ్గుతాయి, అని రాద్దాం. సరిపోతుంది."

"ఫలితం చూశాక పరికల్పన రాసుకోవడమా సార్? మొదటి పాఠంలో మీరే వద్దని చెప్పారు."

"అది విద్యార్థులకి," అన్నారాయన.

సోఫాలో ఆయన కప్పు కింద పెట్టాడు. భూములు సేకరించి పెట్టే ఏదో సంస్థ నుంచి వచ్చాడట. మర్యాదస్తుడిలా మాట్లాడాడు. "నాకొక్కటే సందేహం మేడమ్. మోతాదు పెంచితే మిగతావాళ్లు కూడా వెళ్తారా? మీరన్న పద్ధతి ఇంకా మంచిదేమో. వాళ్లని వాళ్లే పంపించుకుంటారు. ఒక్కొక్కరుగా. ధర్నాలూ గొడవలూ ఉండవు కదా?"

ఆయన జవాబు కోసం చిరునవ్వుతో ఎదురుచూస్తున్నాడు. పద్మనాభం గారు ఆలోచిస్తున్నట్టు గడ్డం నిమురుకున్నారు. నిజంగానే ఆలోచిస్తున్నారు.

విశాల వాష్‌బేసిన్ దగ్గరికి పరుగెత్తింది. కడుపులో ఉన్నదంతా వచ్చేసింది, పసరు కూడా వచ్చింది. ఆ గదిలో నిర్గంధం చుక్క కూడా లేదు.

మొహం కడుక్కుని తలెత్తేసరికి పక్కన ఇర్ఫాన్ నీళ్ల సీసా పట్టుకుని ఉన్నాడు.

"శ్రీను గురించి ఆ కుర్రాడు చెప్పినప్పుడే నాకు తెలియాల్సింది విశాల గారూ. మనం నవ్వాం."

"దాని ప్రభావం ఎన్నాళ్లుంటుంది?"

"గొట్టం తీసేస్తే ఎండకి రెండు మూడు రోజుల్లో విరిగిపోతుంది. గాలిలో ఇంకేం మిగలదు."

"పద అయితే."

ఇద్దరూ పడమటి కాలనీకి వెళ్లి, పట్టపగలు, అందరూ చూస్తుండగా, స్తంభాలెక్కి పెట్టెలు దించారు. ఎండకు ఆ మందు విరిగే దాకా ఆగి, కాలనీ కమ్యూనిటీ హాలులో జనాన్ని కూర్చోబెట్టి విశాల జరిగిందంతా చెప్పింది. దాచలేదు, మెత్తబరచలేదు. ఆ పెట్టెలు దుమ్ము కొలవడానికి కాదని, మీ మీద ప్రయోగం చేశామని, మీ కడుపులో తిప్పింది ఈ గొట్టాల వల్లేనని చెప్పింది.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక హాలు దద్దరిల్లింది.

"మేం మనుసులం కాదేటి? ఎలకలమా?" అని తవిటయ్య చేతికర్ర ఎత్తాడు. ఎవరిదో చెప్పు వచ్చి విశాల భుజానికి తగిలింది. ఇంకెవరో ఇర్ఫాన్ చొక్కా పట్టుకున్నారు. ఇద్దరూ కదలకుండా నిలబడ్డారు. తిట్టినవాళ్లు తిట్టి అలిసిపోయారు. చివరికి ఆడవాళ్లలో ఒకావిడ ఏడ్చేసింది. "అయితే నా ఇల్లు బాగానే ఉన్నాదన్నమాట. నా పిల్లడు అన్నం తింటాడన్నమాట," అంది. ఆ మాటతో అందరి మొహాల్లో బరువు దిగింది. నిజమే, రెండు రోజులుగా ముద్ద దిగుతోందని ఒకరికొకరు చెప్పుకున్నారు.

అప్పుడు విశాల అడిగింది. "అసిరమ్మను వెతికి తీసుకొద్దామా? నేనొక్కదాన్నే పిలిస్తే రాదు. మీరు కూడా రావాలి. సత్తెమ్మా, నువ్వు వస్తావా?"

సత్తెమ్మ పక్కవాళ్ల కేసి చూసింది.

"అందులో ఆవిడ తప్పేమీ లేదని తెలిసింది కదా," అంది విశాల మళ్లీ. "ఆ మందు మీకు ఎవరి పేరూ చెప్పలేదు. పేరు మీరే పెట్టుకున్నారు."

సత్తెమ్మ నేల చూపులు చూస్తూ, "అది ఏరే సంగతి మేడంగోరూ," అంది.

"ఎలా వేరు?"

"మందున్నా నేకపోయినా... దాని కాడ కొంచెం ఉండీది. నీలివలసలో కూడా ఉండీది. అప్పుడు మాము పట్టించుకోనేదు."

"ఔను," అన్నారు ఇద్దరు ముగ్గురు. ఆ "ఔను" హాలులో ఒక చివర నుంచి ఇంకో చివరకు పాకింది. తవిటయ్య కర్ర దించి గొంతు సవరించుకున్నాడు. "ఎల్లినోళ్లు ఎల్లిపోనారు. ఇప్పుడు మళ్లీ కెలకడం దేనికి? మీరు మాకు సేసిన అన్యాయానికి ఏటిస్తారో అది సెప్పండి."

ఇంతసేపూ తలవంచుకు నిలబడిన విశాలకు ఆ మనుషుల మీద పట్టరాని ఏవగింపు కలిగింది. వాళ్ల నోళ్లు, వాళ్లు ఒకరి చెవిలో ఒకరు గుసగుసలాడడం, వాళ్ల తేలికపడ్డ మొహాలు చూడలేకపోయింది. మరుక్షణమే తన ఇంట్లో బయట పారేయించిన పీట కళ్ల ముందు మెదిలింది. ఏ మొహం పెట్టుకుని వీళ్లను అసహ్యించుకోవడం? హాలు దిగింది. తూర్పు కాలనీ రోడ్డుకి అవతలే ఉంది. అక్కడివాళ్లు మంచివాళ్లని ఈ ప్రయోగంలో తేలలేదు. వాళ్ల గొట్టాల్లో నీళ్లున్నాయని తేలింది, అంతే.

విశాల తన నివేదికలో పరికల్పన తప్పని రాసి, జరిగినదంతా చేర్చి తమ సంస్థను నడిపే విశ్వవిద్యాలయానికి పంపింది. విచారణ జరిగింది. పద్మనాభం గారు సెలవు మీద వెళ్లి, కొన్నాళ్లకు వేరే చోట వేరే పదవిలో చేరారు. పరిశోధన సంస్థ మూతపడింది. ఇర్ఫాన్ తన దగ్గరున్న నిల్వంతా పోలీసులకు అప్పగించాడు గాని, దాని తయారీ పద్ధతి ఎవరెవరి దగ్గరకు చేరిందో అతనికీ తెలియదు. విశాల ఉద్యోగం పోయింది. దానికామె పెద్దగా బాధపడలేదు. మేధ ముందు నూకరత్నం పేరెత్తడం మాత్రం మానలేదు. ఆ పేరు వినగానే పిల్ల చెయ్యి ముక్కు దగ్గరకు వెళ్తుందేమోనని ప్రతిసారీ చూసేది. కొన్నిసార్లు వెళ్లేది.

అసిరమ్మ ఆచూకీ భీమిలి దగ్గర చేపలు ఎండబెట్టే తీరంలో దొరికింది. తాటాకు పాక. బయట ఇసుకలో వలలు పరిచి ఉన్నాయి. ఈశ్వరి కాలేజీ మానేసి తల్లితోపాటు చేపలు తిరగేస్తోంది. విశాలను చూసి ఆ పిల్ల మొహం తిప్పుకుంది. అసిరమ్మ మాత్రం మడత మంచం వాల్చి, "కూకో తల్లీ," అంది.

విశాల కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పింది. అసిరమ్మ ముంజేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని వింది. ఆ చేతుల మీద చర్మం ఎర్రగా లేచి, అక్కడక్కడ పొక్కు కట్టి ఉంది.

"ఆ పెట్టి నా ఇంటి కాడే గదా కట్టినావు," అంది చివరికి. "అయితే నానూ పీల్సినాను."

"పీల్చారు."

"అందుకేనన్నమాట."

"మీకు ఎవరి మీద... రోత పుట్టింది అసిరమ్మా?"

"ఎవుల మీద పుడతాది? ఊరందరూ ఒకటే మాట సెప్తంటే నిజమే గావాలనుకున్నాను. నాకూ తిప్పేసీది గదా. నా ఒంట్లోంచే వొస్తందనుకున్నాను. రాయెట్టి తోముకున్నాను, కుంకుడుకాయెట్టి తోముకున్నాను. ఈశ్వరిని కూడా పక్కన పడుకోనిచ్చీదాన్ని కాదు."

విశాల ఎవరెవరు ఎవరిని అసహ్యించుకుంటారో ఇన్నాళ్లూ ఆలోచించింది గాని ఇదొకటి ఆమె ఊహకు కూడా అందలేదు.

"అది మందమ్మా. మీ దగ్గర ఏ కంపూ లేదు. ఎప్పుడూ లేదు."

"ఇప్పుడు ఆలందరికీ తెలిసిందా?"

"తెలిసింది."

"సత్తెమ్మకి?"

"తెలిసింది."

అసిరమ్మ విశాల వెనక రోడ్డు కేసి చూసింది. ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూసినట్టు చూసి, మెల్లగా తల తిప్పుకుంది. "సర్లే తల్లీ. ఎండన పడొచ్చినావు. నీళ్లు తాగుదువుగాని," అని లేచింది.

ముందు బయటి కుండ దగ్గర సబ్బు రుద్దుకుని చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. ఈశ్వరి చేపల వరస దగ్గర్నుంచి, "ఒలే అమ్మా, సాలు," అని కేకేసింది. అసిరమ్మ వినిపించుకోలేదు. లోపలికెళ్లి స్టీలు గ్లాసులో నీళ్లు పట్టుకొచ్చింది. వేళ్లు తగలకుండా గ్లాసును చీర కొంగుతో పట్టుకుని ముందుకు చాపింది.

విశాల గ్లాసు అందుకోబోతూ ఆ కొంగును పక్కకు తప్పించి, అసిరమ్మ చెయ్యి పట్టుకోబోయింది.

అసిరమ్మ చురుక్కుమన్నట్టు చెయ్యి వెనక్కి లాగేసుకుంది. గ్లాసు జారిపడి నీళ్లు ఇసుకలో ఇంకిపోయాయి.